ఎడమ చెవి

పుస్తకంల ముత్తిలింగానికి ఎడమ చెవి వినరాదు.
ఇది మొదలు చెప్పాలె,
ఎందుకంటే సినిమాల ఆయనకు రెండు చెవులూ మంచిగున్నయి,
రెండింటికీ బంగారు పోగులు.

శుక్రవారం. మనామల ఆఖరి ఆట.
సల్మాబాద్ క్యాంపు నుంచి ఏడుగురం, ఒక్క వ్యాన్‌ల.
పోశెట్టి ఇస్త్రీ అంగీ తొడుక్కున్నడు.
నేను పుస్తకం సంచిల పెట్టుకొని పోయిన,
పంచాయతికి సాక్షిని తీస్కపోయినట్టు.

దానికి అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు.
ముత్తిలింగం ఎక్కడ పుట్టిండో నాకు ఇప్పటికీ తెల్వదు.
నా కాడికి వచ్చేసరికే ముసలోడు.
బావి తవ్వే జాగ దేవులాడుకుంట
పొద్దుగూకినంక నేలకు కుడి చెవి ఆనించి పండేటోడు.
పిలగాడు పక్కపొంటి కూసుండి దోమలు తోలేటోడు.
"నీళ్లున్నయా తాతా?"
"తెల్వదు బిడ్డా. తవ్వి చూడాలె."
పుస్తకం మొత్తంల ఆయన చెప్పిన పాఠం గదే.
రెండు బావులు ఎండినయి.
మూడోదాని కాడ అబద్ధమాడిండు, కూలి పైసలకు.
నూటపన్నెండో పేజీల ఆ సంగతి పిలగానికి తెలుస్తది.
ఏమనడు. దోమలు తోలుతనే ఉంటడు.

ఆ పేజీ మీద గ్రీజు వేలిముద్ర ఉంది.
నాది కాదు. హబీబ్ చాచాది.

తెర మీద ముత్తిలింగం ఆరడుగులు.
గడ్డం గాలికి ఊగుతది, గాలి లేని కాడ గూడ.
కట్టెతోని నేలను ఒక్కటి పొడిస్తే
నీళ్లు తాటిచెట్టంత లేస్తయి.
"నేల అబద్ధమాడదురా, మనిషే ఆడుతడు" అంటడు.
ఈలలు.
ఆఖర్ల పిలగాని ఒళ్లె తల పెట్టి చచ్చిపోయిండు,
గంతసేపు మాట్లాడుకుంట.
పుస్తకంల ఆయన చావడు,
ఒకనాడు కూలికి రాడు, అంతే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలె.
నేల లోపలి నీళ్ల చప్పుడు
నేను ఎన్నిసార్లు చదివినా వినపడనిది
సినిమాల అర నిమిషం వినిపించిండ్రు.
ఏసీ చప్పుడనుకున్న. కాదు.

పోశెట్టి ఏడ్చిండు, ఇస్త్రీ అంగీతోని ముక్కు తుడుసుకున్నడు.
వాళ్ల నాయిన పోయిన నాడు సెలవు దొరకక
వాటర్ ట్యాంకు ఎనుక ఉత్తగ నిలబడ్డోడు.
తిడుదామని తెరిచిన నోరు మూసుకున్న.
సాక్షిని సంచిలనే ఉండనిచ్చిన.

తెల్లారి డ్యూటీ. ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు,
మూడో పంపు కాడ లీకు.
కొత్తగ వచ్చిన రంజిత్ అడిగిండు,
"అన్నా, నీకు పని ఎవరు నేర్పిండ్రు?"
"కోరుట్ల హబీబ్ చాచా" అన్న.
"పైపు మీద చెయ్యి పెడితే చాలు, లీకు జాగ చెప్పేటోడు.
ఒక్కనాడు తప్పలే. ఒక్కనాడు కోపం రాలే."
నేను చెప్తుంటే చాచా ఎత్తు పెరుగుతున్నడు.
గడ్డం తెల్లగైతున్నది. నడుం నొప్పి పోయింది.
ఇంకొంచెమైతే గాలి గూడ వచ్చేది.

స్పానర్ కింద పెట్టిన.
"ఆగు. అట్ల గాదు.
శానా సార్లు తప్పు చెప్పిండు.
ఒకసారి వాల్వు ఉల్టా తిప్పి ఫ్లోరంత నీళ్లు జేసి
సూపర్‌వైజర్‌కు నా పేరు చెప్పిండు.
నాలుగు రోజుల జీతం కోసిండ్రు.
ఆ నెలంత నా టిఫిన్ డబ్బాల ఒక గుడ్డు ఎక్కువుండేది.
దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలే.
ఊరికి పోయేటప్పుడు ఒక పుస్తకమిచ్చి
'దీంట్ల ముసలోడు నా లెక్కనే లంగ' అని నవ్విండు."

రంజిత్ మొఖం చిన్నగైంది.
వానికి మొదటి చాచానే నచ్చినట్టుండె.

"మరి లీకు ఎక్కడుందన్నా?"
"తెల్వదు."

కాసేపు నా దిక్కు చూసిండు.
హెల్మెట్ తీసి, పైపు కాడ మోకాళ్ల మీద కూసుండి
"ఏ చెవి పెట్టాలె?" అన్నడు.